సుత్తి మళ్ళీ పడిన చోటు

చిన్నన్నయ్యా,

చెవికి ఆపరేషన్ చేసి వినికిడి పరికరం అమర్చి మూడు నెలలైంది. మాటలు అర్థమవుతున్నాయి. పాటలు మాత్రం, ఏది పెట్టినా రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టే ఉన్నాయి. "సంగీతం మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి" అని డాక్టరమ్మ ముందే చెప్పింది. అయినా ఏడ్చాను.

అప్పుడు మన పాత క్యాసెట్ గుర్తొచ్చింది. సుత్తి దెబ్బలు, రంపం కోత, సింథసైజర్ మోత తప్ప ఇంకేమీ లేని ఆల్బమ్. "పాట పెట్టమంటే ఫ్యాక్టరీ పెట్టారేంటి?" అని నాన్న కేకలేసేవాడే, అదే. వీణనైనా రేకులా వినిపించే పరికరం, మొదటినుంచీ రేకులా మోగేదాన్ని ఇంకేం పాడు చేస్తుంది?

మా ఆయన ఇంటర్నెట్‌లో వెతికి పెట్టారు. మూడో పాటలో సుత్తి ఆగిపోతుంది, అయిపోయిందనుకున్నాక మళ్ళీ పడుతుంది చూడు, అక్కడ కళ్ళు మూసుకుని బల్ల మీద కొట్టాను. సుత్తీ నా చెయ్యీ ఒక్కసారే పడ్డాయి. పక్కనే కొట్టిన ఆయన చెయ్యి మాత్రం ఆలస్యంగా పడింది.

"నేను వింటూ కూడా తప్పాను, నీకెలా కుదిరిందే?" అన్నారాయన.

"నేనూ వింటూనే ఉన్నానండీ" అన్నాను.

చివరి పాటదాకా విన్నాను. అది పాటే. నాకు పాటలాగే వినిపించింది.

వాళ్ళ రెండో ఆల్బమ్ క్యాసెట్ నీ బీరువాలో ఉంది. నువ్వు ఇవ్వవని తెలుసు కాబట్టి వదినకు ఫోన్ చేసి అడిగాను, తీసి పెడతానంది. అవునన్నయ్యా, ఫోన్‌లోనే మాట్లాడాను. ఏ మాటా రెండోసారి చెప్పించుకోలేదు.

నీ చెల్లెలు