పొయ్యి ఆర్పేస్తారన్న కబురు

బెడోక్, సింగపూర్

తమ్ముడు సుబ్బయ్యకి అక్క దీవెనలు.

మాకోసం మేడమీద గది ఖాళీ చేయించొద్దురా, మేం రావడంలేదు. నా కొడుకు పృథ్వీ పోయాక కోడలు భువన ఉద్యోగమే కదా మాకు ఆధారం. యూరప్‌లో ఉక్కు చేసే వాళ్ళ కంపెనీ ఇనుము కరిగించే పెద్ద పొయ్యి ఆర్పేస్తోందని భువన అంటే, దాని ఉద్యోగం పోతుందని హడలిపోయి నీకు ఫోన్ చేశాను. పొయ్యి ఆర్పడమంటే మనకి చావిల్లే కదా. బిడ్డ అస్థికలు కలిపిన ఈ సముద్రాన్నీ వదలాలేమోనని ఏడ్చాను.

ఇవాళ భువన నవ్వుతూ వచ్చింది. "భయం లేదత్తయ్యా! మామూలు ఉక్కుకి గిరాకీ తగ్గిందని పాత పొయ్యి ఆర్పి, ఇకమీదట కార్లకి వాడే మేలురకం ఉక్కు రేకే చేస్తారట. దాని కంప్యూటర్ పనంతా ఇక్కడి మా ఆఫీసుకే ఇచ్చారు" అంది.

వాడు పోయాక నేను పోపు పెట్టలేదురా. ఇవాళ చారుకి పెట్టాను. ఆ వాసనకి భువన వంటింట్లోకొచ్చి నా పక్కనే నిలబడింది.

మీ అక్క