కుండ ఉడికిన ఇంటికే ఓటు

వెన్‌కోంబ్,
మార్చి, 1831

ప్రియమైన ఏబెల్‌కు,

నువ్వు పంపిన ఊలు మేజోళ్లు అందాయి. మీ అమ్మ వాటిని కాళ్లకు మానేసి చేతులకు తొడుక్కుని కూర్చుంది. మంచం దిగలేదు, చెవులు సరిగ్గా వినపడవు, నోటికి మాత్రం ఏ లోటూ రాలేదు.

నిన్న దొరగారి ఏజెంటు గిడ్లీ వచ్చాడు. టోపీ కూడా తియ్యకుండా తిన్నగా పొయ్యి దగ్గరకు పోయి కుండ మూత ఎత్తి చూశాడు. "ఉడుకుతోంది, మంచిదే. మన ఊళ్లో సొంత పొయ్యిమీద కుండ ఉడికే ఇంటి మగాడికే కదా ఓటు. నీ మొగుడు ప్లిమత్‌లో రాళ్లు కొట్టుకుంటున్నా, ఇక్కడ మీ కుండ ఉడికినంతకాలం అతని ఓటు బతికే ఉంటుందమ్మా. ఎన్నికలు దగ్గరపడ్డాయి. వచ్చి వేదికెక్కి, అందరిముందూ దొరగారి మేనల్లుడికే నా ఓటని పేరు చెప్పి పొమ్మను" అన్నాడు. పోతూ పోతూ గోడ తట్టి, "ఈ వయసులో మీ అత్తకి వేరే కొంప వెతకడమంటే కష్టం సుమా!" అన్నాడు. ఇల్లు దొరగారిదని గుర్తుచేశాడన్నమాట.

వస్తే ఆయన చెప్పమన్న పేరే చెప్పు. లేదంటే రానే రావద్దు.

నీ కెజియా


ప్లిమత్,
ఏప్రిల్ మొదటివారం

నా కెజియాకు,

వస్తాను. గిడ్లీ చెప్పిన పేరు మాత్రం చెప్పను. ఓట్ల చట్టం మారాలంటూ పోటీకి నిలబడ్డ హాలెట్ పేరే చెప్తాను.

నా చిన్నప్పుడు నాన్న నన్ను ఎన్నికల వేదిక దగ్గరకు తీసుకెళ్లాడు. రాళ్ల గనిలో ఆయనంత గొంతు ఇంకెవరికీ లేదు. అలాంటివాడికి ఆరోజు అంతమంది ముందు దొరగారి మనిషి పేరు చెప్పడానికి మాట పెగల్లేదు. "ఏమిటీ? నోట్లో గుడ్డలు కుక్కుకున్నావా? గట్టిగా చెప్పవయ్యా!" అని గుమస్తా కసిరితే జనం విరగబడి నవ్వారు. నాన్న ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నా వల్ల కాదు కెజియా.

కుండ మాత్రం దించకు.

నీ ఏబెల్


వెన్‌కోంబ్,
ఏప్రిల్

ఏబెల్‌కు,

మొన్న సంతలో గిడ్లీ బల్లెక్కి, లండన్‌లో మీ హాలెట్ పక్షంవాళ్లు తేవాలంటున్న కొత్త చట్టం చదివి వినిపించాడు. పార్లమెంటు మెంబర్లను పోగొట్టుకునే ఊళ్లలో మన వెన్‌కోంబ్ కూడా ఉంది. తాతల కాలం నుంచి ఇద్దరిని పంపిన ఊరికి ఇక ఒక్కడూ ఉండడు. ఆ చోట్లు పొగగొట్టాల పట్నాలకు పోతాయట. "మీ ఓటుతో మీ ఓటునే పాతిపెట్టుకుంటారా?" అని గిడ్లీ అరిస్తే అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. ఒక్క రొట్టెల డోర్కస్సే, "మెంబరుగారు మన సందులోకి వచ్చి ఎన్నేళ్లయింది, బాబూ?" అంది. నాకు నవ్వొచ్చింది కానీ భయం తీరలేదు.

ఓటు నీదే, కాదనను. మరి కుండో? కట్టెలు మోసేది నేను, పొయ్యి ఊదేది నేను. వేదికెక్కి పేరు చెప్పేది నువ్వు. రేపు వీధిన పడేది నేనూ మీ అమ్మా. ఎన్నికలముందు శనివారం ఊరిపెద్దలు ఇంటింటి పొయ్యి చూడటానికి వస్తారుగా, ఆరోజుకు నేను పొయ్యి ఆర్పేస్తాను. చల్లటి పొయ్యి చూసి నీ పేరు కొట్టేస్తారు. నీ ఓటు హాలెట్‌కీ పడదు, మేనల్లుడికీ పడదు. ఇల్లు మాత్రం నిలుస్తుంది.

తిట్టుకుంటే తిట్టుకో.

కెజియా


ప్లిమత్

కెజియా,

ఆర్పెయ్.

ఊరికి మెంబరు పోతే పోనీ, వాడు ఎప్పుడు మనవాడు గనక అని రాయబోయాను. వీధిన పడేది మీరిద్దరూ అన్నావే, అది మళ్లీ చదివి ఆ కాగితం చింపేశాను. ఇక్కడ నాతో పనిచేసేవాళ్లలో ఎవరికీ ఓటు లేదు. మా ఊళ్లో నాకుందని ఇన్నాళ్లూ గొప్పలు పోయాను. వీళ్లు అడిగితే ఏదో ఒకటి చెప్పుకుంటాలే.

నేను రాను. కోపం నీమీద కాదు.

ఏబెల్


వెన్‌కోంబ్,
ఆదివారం

నా ఏబెల్‌కు,

ఈ ఉత్తరం అందగానే బయల్దేరు. ఎందుకో చెప్తాను.

అన్నట్టే నిన్న పొద్దున పొయ్యి ఆర్పేశాను. రొట్టె, జున్ను తిని కూర్చున్నాం. గిడ్లీ వచ్చి బూడిదలో వేలు పెట్టి చూసి, పళ్లికిలించాడు. "పొయ్యి చల్లారిందంటే ఇంట్లో కాపురం లేనట్టే. మా గుర్రాలవాడు ఈ వారం ఇక్కడే వండుకుంటాడు. ఈ ఇంటి ఓటు ఇకనుంచి వీడిది" అన్నాడు. వెనకే వచ్చిన ఆ గుర్రాలవాడి చేతిలో కుండ, చంకలో కట్టెలు. నన్ను పక్కకు నెట్టి నా పొయ్యిలోనే నిప్పు రాజేశాడు. నోరు మూసుకుంటే చాలు, మన జోలికి రారనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

అంతలో మీ అమ్మ మంచంమీంచి కేకేసింది. "కెజియా, ఆ కుండలో ఏముందే?"

"నీళ్లే అత్తా!" అని చెవిలో అరిచాను.

"నా పొయ్యిమీద ఉత్త నీళ్లా? పారబొయ్ అవతల!"

ఆ మాటకోసమే కాచుకున్నట్టు నా చేతులు లేచాయి. కుండ ఎత్తి గుమ్మంలో కుమ్మరించాను. గిడ్లీ బూట్లు తడిస్తే అది నా తప్పు కాదు. వాడి కట్టెల మంటమీదే మన కుండ పెట్టి, పంది మాంసం ముక్క, ముల్లంగులు వేశాను. కుతకుతా ఉడికాక డోర్కస్, ఆమె కొడుకులు బల్లనూ, మీ అమ్మనూ కుర్చీతో సహా వీధిలోకి మోశారు. పూర్వం మీ తాతలు తమ కుండ ఉడికిందని రుజువు చూపడానికి చేసినట్టు, ఊరంతా చూస్తుండగా తిన్నాం. పొయ్యిలు చూసే పెద్దలు వచ్చి, కుండలో తొంగిచూశారు. నీ పేరు జాబితాలో ఉంచక తప్పలేదు వాళ్లకు. ఒకాయన ముల్లంగి కూడా అడిగి తిన్నాడు.

ఇల్లు పోయింది, ఏబెల్. నడివేసవికల్లా ఖాళీ చెయ్యమని గిడ్లీ అక్కడే చెప్పేశాడు. మీ అమ్మేమో, "ఇన్నేళ్లూ ఈ గోడే చూశాను, ఇంకో గోడ చూపించండి" అంటోంది. డోర్కస్ వెనకగది ఇస్తానంది. ఇరుకే, సర్దుకుందాం.

ఓటు బుధవారం. ఆ చట్టం వస్తే మన ఊరికి ఇదే ఆఖరిసారి కావచ్చు. వేదిక దగ్గరకు ఆడవాళ్లను రానివ్వరు, అందుకని ఎదురుగా రొట్టెల కొట్టు గుమ్మంలో మీ అమ్మను కుర్చీలో కూర్చోబెట్టుకుని ఉంటాను. ఆమెకు చెవుడు కదా, హాలెట్ పేరు కాస్త గట్టిగా చెప్పు.

నీ కెజియా