మీ అన్నయ్యకు మిగిలిన మాట

మార్చి 9, ఆదివారం

చిరంజీవి చిన్నబాబుకి, వదిన దీవెనలతో రాసేది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నువ్వూ, మీ ఆవిడా, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఆరేళ్లుగా ఒక్క ముక్క రాయని మరిది విషయంలో తలచుకోవడం తప్ప నేను చేయగలిగిందేముంది?

మీ అన్నయ్యకు పక్షవాతం వచ్చిన కబురు నీకు చేరే ఉంటుంది. నాలుగు నెలలైంది. కాలు దారికొచ్చింది, కర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లొస్తున్నారు. కుడిచెయ్యి ఇంకా చెప్పిన మాట వినడం లేదు. ఇక మాటంటావా, అన్నీ పోయి ఒక్కటి మిగిలింది. "టైమ్".

నవ్వొస్తే నవ్వుకో, నేనూ నవ్వాను. ముప్పయ్యేళ్లు బస్టాండులో టైమ్ కీపర్‌గా, ఈల వేస్తూ డ్రైవర్ల మీద ఆ మాటే అరిచిన మనిషికి ఇంకేం మిగులుతుంది? బాగా వాడిన మాట కొందరికి ఇలా నిలిచిపోతుందని, మాటలు నేర్పడానికి వచ్చే డాక్టరమ్మ చెప్పింది. నయం, తిట్టు మిగల్లేదు. డ్రైవర్లను ఆయనేం తిట్టేవారో నాకు తెలుసు.

టైమ్ బాగాలేదని, కాస్త టైమ్ ఇవ్వమని, ఏదో టైమ్‌పాస్ అని మనమంతా ఆ మాటను ఎన్ని రకాలుగా వాడతామో కదా! మీ అన్నయ్య మనందర్నీ మించిపోయారు. పొట్టిగా అంటే మంచినీళ్లు. సాగదీస్తే ఆకలి. గబగబా రెండుసార్లు అంటే, పక్కింటావిడతో కబుర్లు చాలు, లోపలికి రమ్మని. ఒకరోజు కూర తరుగుతూ నేను వేలు కోసుకున్నాను. అప్పుడాయన ఆ మాట అన్న తీరు ఇన్నేళ్ల కాపురంలో నేను విని ఎరగను. అన్ని మాటలూ ఉన్న రోజుల్లో ఈ మనిషి నాతో అంత ప్రేమగా మాట్లాడలేదు.

మొన్న ఆయన సీట్లోకి వచ్చిన కొత్తాయన కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చాడు. రెండు బస్సులకు ఒకే ప్లాట్‌ఫారం, ఒకే వేళ పడ్డాయట, మూడు రోజులుగా ప్రయాణికులతో గొడవట. మీ అన్నయ్య ఎడమచేతి వేలితో ఒక్కో బస్సునూ చూపిస్తూ, ఆ ఒక్క మాటే అంటూ, దీన్ని ముందుకీ దాన్ని వెనక్కీ జరిపి పావుగంటలో సర్దేశారు. చూస్తున్న నాకు ఒళ్లు పులకరించిందంటే నమ్ము. మాట పోయినా పని మర్చిపోలేదు, మహానుభావుడు!

ఇక అసలు సంగతి. పోయిన వారం ఎడమ అరచెయ్యి నడుమెత్తున పెట్టి "టైమ్" అని మొదలుపెట్టారు. స్టూలు తెచ్చాను, కాదు. బకెట్ తెచ్చాను, కాదు. రెండు రోజులు అదే వరస. విసుగొచ్చి నేను అరిచేశాను, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు గాని నా మట్టిబుర్రకు తట్టలేదు. నేను కాపురానికొచ్చినప్పుడు నువ్వున్న ఎత్తు అది. మరిది కోసమా అని అడిగానో లేదో, నా చెయ్యి వదిలితే ఒట్టు.

ఆరేళ్ల కిందటి ఆ రోజు సంగతి నేనూ మర్చిపోలేదు. ఇంటర్వ్యూకి బయల్దేరి, సర్టిఫికెట్లు ఇంట్లో మర్చిపోయి, పరుగున వెళ్లి తెచ్చుకుంటాను, బస్సును రెండు నిమిషాలు ఆపమని ఆయన్ను బతిమాలావు. వేళ కాగానే ఆయన ఈల వేశారు. ఉద్యోగం చేజారింది. తమ్ముడికంటే గడియారమే ఎక్కువైందని నువ్వు గడప దిగి వెళ్లిపోయావు. డ్యూటీ డ్యూటీయే, అందులో ఆయన తప్పేం లేదు.

ఇంకోసారి ఇలా వస్తే ఈ ఒక్క మాటా దక్కకపోవచ్చని డాక్టరు నాతో విడిగా చెప్పారు. అందుకే అడుగుతున్నాను నాయనా, పంతం పక్కనపెట్టి ఒక్కసారి వచ్చి కనబడి వెళ్లు.

ఇట్లు,
మీ వదిన

తా.క. నిజం చెప్పేస్తాను. ఈ ఉత్తరం నేనొక్కదాన్నే రాయలేదు. డాక్టరు చెప్పిన ముక్క ఒక్కటి దాచి, మిగతాదంతా వాక్యం వాక్యం ఆయనకు చదివి వినిపించాను. సరేనని ఆయన తన మాటలో అన్నాకే తర్వాతి వాక్యం రాశాను. ఆయన తప్పేం లేదన్న చోట మాత్రం ఒప్పుకోలేదు. పెన్ను లాక్కుని ఎడమచేత్తో దానిమీద గీత కొట్టేశారు. ఆ వంకర గీత నాది కాదు. నిన్ను రమ్మన్న వాక్యం మీద గీత కూడా ఆయనదే. కొట్టేసి, చొక్కా తెమ్మని చూపించి, కర్ర తీసుకుని గుమ్మం దాకా నడిచారు. అంచేత మేమే వస్తున్నాం. గురువారం పొద్దున తొమ్మిదింటికి మీ ఊరి బస్టాండులో దిగుతాం. నువ్వు రాకపోతే ఓ గంట చూసి వెనక్కొచ్చేద్దామా అని అడిగాను. ఆ ఒక్క మాటతోనే నన్ను చెడామడా తిట్టారు. నువ్వెంత ఆలస్యంగా వచ్చినా అక్కడే కూర్చుంటారట.