పెద్ద లైటు వచ్చేదాకా

కుమాసీ,
మంగళవారం

నా బిరాగోకి,

చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరమేమిటే, అప్పుడే ముసలిదానివైపోయావా అని నవ్వుతావని తెలుసు. నవ్వుకో. ఫోనైతే రెండో మాటకే "గొంతేంటే అలా ఉంది?" అని పట్టేస్తావు. కాగితమైతే మధ్యలో అడ్డు తగలదు. అక్రా బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిస్తున్నాను, జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

ముందు పని మాట. నాకు పెద్ద సైజులో, మెత్తటి వెలుగునిచ్చేది ఏదైనా కావాలి. ఫ్లాష్ ముందు ఇప్పుడు పెట్టుకుంటున్న చిన్న గొడుగుతో విసిగిపోయాను. మన ఒంటిరంగు మీద చిన్న లైటు పడితే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా? నుదుటి మీదా, చెంపల ఎముకల మీదా తెల్లటి మెరుపు చుక్కలు తేలతాయి, మిగతా మొహం చీకట్లో కలిసిపోతుంది. అదే లైటు పెద్దదై మనిషికి దగ్గరగా ఉంటే ఆ మెరుపు ఒకచోట నిలబడకుండా చెంపంతా పరుచుకుంటుంది. కిటికీ చిన్నదైతే వెలుగు పొడుస్తుంది, పెద్దదైతే నిమురుతుంది అని మనకి ఫొటోలు నేర్పిన గురువు చెప్పేవాడు గుర్తుందా? అప్పట్లో మనిద్దరం వెనక చేరి ఆయన నడకని వెక్కిరించేవాళ్ళం కానీ మాట మాత్రం నిజమే.

మొన్న ఒక పెద్దాయన వచ్చాడు. కోకో తోటలున్నాయట. తన చావు పోస్టరుకి, అదే, పోయాక ఊరి గోడల మీద అంటించేదానికి, ఫొటో తనే దగ్గరుండి తీయించుకోవడానికి వచ్చాడు. మంచి నల్లబట్ట కప్పుకుని దర్జాగా కూర్చున్నాడు. తీసింది చూపిస్తే మొహం మాడ్చుకుని, "అమ్మాయ్, నేను పోయాక దీన్ని చూసి జనం ఏడవాలా వద్దా? ఇది చూస్తే వాళ్ళకి ఆకలేస్తుంది. నూనెలోంచి తీసిన అరటిపండు ముక్కలా మెరిసిపోతున్నాను" అన్నాడు. నవ్వాను, మళ్ళీ తీశాను, మళ్ళీ అదే మెరుపు. చివరికి కంప్యూటర్లో కూర్చుని ఆయన నుదుటిని నేనే తుడిచాను.

మన ఘనాలో ఎక్కడైనా అంతేలే గానీ, ఈ ఊళ్ళో ప్రతి శనివారం ఎవరిదో ఒకరిది అంత్యక్రియల సంబరం, ప్రతి శుక్రవారం నా ముందు ఎవరో ఒకరి మొహం. గుమ్మంలోకి ముసలివాళ్ళెవరు వచ్చినా పోస్టరుకి నల్లబట్ట తెచ్చారా అనే అడుగుతాను. బతికున్నవాళ్ళని పోయినవాళ్ళలా చూడటం అలవాటైపోయింది. ఒళ్ళు కాదే, కళ్ళు అలిసిపోయాయి.

నీ లైట్ల షాపులో ఏడడుగుల గొడుగు ఉందన్నావు కదా, అది పంపు. తొందరేమీ లేదు. నిజంగానే తొందర లేదు.

నీ పొకువా

*

కుమాసీ,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

బిరాగో, నా తల్లీ,

గొడుగు తిప్పి పంపుతున్నాను, తిట్టకు. విప్పగానే ఒక కొన సీలింగు ఫ్యానుకి తగిలింది, ఇంకో కొన తలుపుకి అడ్డం పడింది. సరే, ఎలాగో వంచి వెలిగించాను. వెలుగు మెత్తగానే ఉంది, కాదనను. కానీ అది మనిషి మీద నిలబడదే, గదంతా తిరుగుతుంది. నా గోడలు ఆకుపచ్చవి కదా, వాటిని తగిలి వచ్చి మనిషి చెంపకి పసరు పూస్తుంది. నల్లబట్ట బూడిదరంగులోకి దిగింది, వెనక తెర మీద మడతలన్నీ బయటపడ్డాయి. పెద్ద హాలున్న వాళ్ళకి అది బంగారం, నా ఇరుకు గదికి మాత్రం కాదు. చుట్టూ గుడ్డ కట్టి, ముందువైపే తెరిచి ఉండే సాఫ్ట్‌బాక్స్ అయితే వెలుగుని అదుపులో ఉంచుతుంది. నలుచదరంది మంచిదా, ఎనిమిది మూలలదా? చదరందైతే కళ్ళల్లో కిటికీ మెరిసినట్టుంటుంది, ఎనిమిది మూలలదైతే చందమామలా గుండ్రంగా ఉంటుంది. అయిదడుగులది చాలంటావా?

చూశావా, మళ్ళీ లైటు గురించే రాసుకుంటూ పోతున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా సంగతి. గోడలకి నల్లగుడ్డ కడితే ఆ గొడుగుతోనే పని జరిగేది. అది నా గదికి సరిపోలేదని తెలిసినప్పుడు సంతోషమేసింది బిరాగో. దేవుడి తోడు, సంతోషమేసింది.

అమ్మ ఎడమ చెంప మీద గడ్డ లేచింది. గచ్చకాయంత ఉంటుంది. వానలు మొదలైనప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు నన్ను బయట కూర్చోమని అమ్మతోనే మాట్లాడాడు, ఆ తర్వాత నన్ను పిలిచి, ఇది మంచి గడ్డ కాదు, కోసెయ్యాలి, ఆలస్యమైతే మెడలోకి పాకుతుందన్నాడు. ఇంటికొచ్చి అమ్మ ఆకులో చుట్టిన మొక్కజొన్న కెంకే ముద్ద విప్పుకుని, మిరపకాయ నూరుకుని, సగం తిన్నాక తల ఎత్తకుండా అంది:

"పొకువా, నాకో ఫొటో తియ్యవే. పెద్దగా, మొహమంతా కనపడేలా."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ వయసువాళ్ళు ఈ ఊళ్ళో ఆ మాట ఎందుకంటారో నాకు తెలియదా? రోజూ నేను చేసే పనే అది. ఆపరేషను వద్దనుకుంది, పోవడానికి సిద్ధపడింది, పోస్టరుకి ఫొటో అడుగుతోంది. ఊరందరి అమ్మలకీ తీశానే, మా అమ్మకి మాత్రం నావల్ల కాదు. అది తీస్తే, సరే వెళ్ళు అని నేనే చెప్పినట్టు కాదూ?

"చిన్న లైటుతో బావుండదమ్మా, పెద్ద గొడుగు తెప్పిస్తున్నా" అన్నాను. అలా మొదలైంది. నువ్వు పంపింది వచ్చి వెళ్ళిందని కూడా చెప్పలేదు, రోజూ పొద్దున్నే స్టూడియో గుమ్మంలో నిలబడి అడుగుతుంది:

"ఏమే, గొడుగొచ్చిందా? వానలు వెనకబట్టాయి గానీ నీ గొడుగు మాత్రం రాలేదు. పక్క వీధి వాడైతే ఈపాటికి నాకు పది ఫొటోలు తీసేవాడు."

నిన్న లోపలికొచ్చి కూర్చుంది కూడా. "ఎందుకడుగుతున్నానంటే..." అని మొదలుపెట్టింది. "తెలుసమ్మా, నాకు తెలుసు. చెప్పకు" అని కంప్యూటరు వైపు తిరిగిపోయాను. లేచి వెళ్ళిపోయింది.

అమ్మ పేరు కథ నీకు తెలిసిందే. అమ్మమ్మకి ముందు పుట్టిన ముగ్గురు మగపిల్లలూ పోతే, పుట్టిన రోజునే అమ్మని పెంటకుప్ప మీద పెట్టించి, పొరుగింటి ముసలమ్మ చేత ఏరుకొచ్చినట్టు తెప్పించి, సుమినా అని ఆ పెంటకుప్ప పేరే పెట్టారు. ఎడమ చెంప మీద గాటు పెట్టారు, మృత్యువు చూసి, ఛీ, ఇదెవరిదో పారేసిన పిల్ల అని మొహం తిప్పుకుని పోవాలని. డెబ్భై ఏళ్ళు పైగా తిప్పుకునే పోయాడు. ఇప్పుడా గాటు పక్కనే వచ్చి కూర్చున్నాడు.

ఎనిమిది మూలలది పంపు. కాస్త ఆలస్యంగానే పంపు.

పొకువా

*

కుమాసీ,
శనివారం. ఇవాళ స్టూడియో మూసేశాను

బిరాగో,

నీ సాఫ్ట్‌బాక్స్ అందింది. దానికి కట్టిన చీటీ కూడా చదివాను. "ఇది కూడా తిప్పి పంపావంటే నేనే బస్సెక్కి వచ్చి అమ్మకి ఫొటో తీస్తా, నువ్వు మూల కూర్చుని ఏడుద్దువుగాని." నీ నోరు పడిపోనూ. ఆ చీటీ లేకపోతే దాన్ని విప్పేదాన్నే కాదు.

గదికి సరిగ్గా సరిపోయింది. లోపల ఒక తెల్లగుడ్డ, బయట ఇంకొకటి, వెలుగు రెండు తెరలు దాటి వస్తుంటే ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియలేదు. అమ్మకి కబురు పెట్టి నల్లబట్ట ఇస్త్రీ చేసి ఉంచాను. అమ్మ వచ్చింది. తెల్లబట్ట కట్టుకుని వచ్చింది బిరాగో, పురుడు గట్టెక్కినప్పుడు, గండం దాటినప్పుడు కట్టుకుంటామే, అది. నా చేతిలోది చూసి, "ఎవరు పోయారే?" అంది. నల్లబట్టని కుర్చీ వెనక పడేశాను.

లైటుని ఎదురుగా, మొహానికి ఎంత దగ్గరగా పెట్టగలనో అంత దగ్గరగా పెట్టాను. తీశాను. ఎంత బాగా వచ్చిందనుకున్నావ్! ముడతలు కరిగిపోయాయి, గడ్డ చెంపలో కలిసిపోయింది, గాటు జాడే లేదు. పదేళ్ళు వెనక్కి వెళ్ళింది. ఇదొక్కటైనా అమ్మకి ఇవ్వగలిగాననుకుని చూపించాను.

కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవరే ఈవిడ?"

"నువ్వేనమ్మా."

"నా గాటేదీ?"

"మెత్తటి లైటు కదమ్మా, కనపడదు. పోస్టరు మీద ఇలాగే బావుంటుంది..."

"ఏ పోస్టరు?"

అమ్మ కళ్ళజోడు తీసింది.

"ఓసి పిచ్చి మొహమా! నేను చస్తానని ఫొటో అడిగాననుకున్నావా? ఆ డాక్టరు కత్తి పెట్టేది సరిగ్గా ఇక్కడే. గడ్డతో పాటు గాటూ పోతుందన్నాడు. మా అమ్మ పెట్టించిన గాటే ఇది. ఒక్క ఫొటోలో కూడా లేదు, ఎప్పుడు ఎవడు తీసినా కుడి చెంప కనపడేలా తిప్పి కూచోబెట్టేవాడు. ఫొటో తీయించుకుని వచ్చి కోయించుకుంటానని ఆయనకి చెప్పొచ్చాను. నేను వెళ్ళకపోయేసరికి కబురు మీద కబురు పెడుతున్నాడు. మా అమ్మాయి దగ్గర ఇంకా గొడుగు రాలేదు నాయనా అని చెబుతున్నా!"

నేల మీద కూలబడ్డాను. నేను అమ్మని ఆపుతున్నాననుకున్నాను బిరాగో. ఫొటో తీయకపోతే పోదనుకున్నాను. నా ఫొటో కోసం ఆగి ఆగి ఆ గడ్డని అమ్మ చెంప మీదే పెంచుకుంది. వానలన్నీ అలాగే గడిచిపోయాయి. ఒక్కసారి చెప్పనిచ్చి ఉంటే సరిపోయేది.

"ఏడవడానికి తర్వాత బోలెడు టైముంది. లే, నీ చందమామ లైటుని సరిచెయ్యి" అంది.

లేచాను. లోపలి గుడ్డ ఊడదీశాను. లైటుని ఎదురు నుంచి ఎడమ పక్కకి జరిపి, కాస్త వెనక్కి నెట్టి, నడిమధ్య వెలుగు అమ్మ ముందు నుంచి వెళ్ళిపోయేలా, అంచు మాత్రమే చెంపని రాసుకునేలా తిప్పాను. అప్పుడు లేచింది గాటు. పొట్టిగా, కొంచెం వంకరగా, ఒక పక్క నీడతో. ఇన్నేళ్ళూ ముద్దు పెట్టుకున్న చెంపే, అంత స్పష్టంగా ఎన్నడూ చూడలేదు. గడ్డ కూడా కనిపించింది. తుడవలేదు.

"ఇదిగో. ఇదీ సుమినా అంటే. ఇప్పుడు పద ఆసుపత్రికి" అంది.

నిన్న ఆపరేషనయింది. డాక్టరు చేతులు తుడుచుకుంటూ, "మొత్తం తీసేశాం, మెడలోకి దిగలేదు. ముందే తెచ్చుంటే కోత చిన్నదయ్యేది" అన్నాడు. నన్ను తిట్టినా బావుండేది. ఇప్పుడా కోత చెవి దగ్గర నుంచి నోటి కొస దాకా ఉంది. ఆ మాట అమ్మకి చెప్పకూడదనుకున్నాను గానీ, కట్టు మీద చెయ్యి వేసుకుని తనే అడిగింది, ఎంత పొడుగుందే అని. చూపించాను, నా వేలితో గాలిలో గీసి. ఏడుస్తూనే గీశాను.

నోరు కదలదు కదా, పళ్ళ మధ్య నుంచే అంది:

"మంచిదేగా. మొహం తిప్పుకుపోయేవాడికి ఇక గుమ్మంలోంచే కనిపిస్తుంది."

ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కనే కూర్చుని రాస్తున్నాను. అమ్మ నిద్రపోతోంది. ఫొటోని ఆవిడ చెప్పినట్టే తలుపుకి ఎదురుగా గోడకి ఆనించి పెట్టాను. కట్టు విప్పాక ఇంకో ఫొటో తియ్యమంది, ఈసారి నన్నూ పక్కన కూర్చోమంది. నువ్వొచ్చి తియ్యవే. స్టూడియోలో లైటు మడవలేదు, అలాగే ఉంచాను.

నీ పొకువా, సుమినా కూతురు