ఏ వంశం మాట

ముంచింగిపుట్టు దగ్గరి బడి నుంచి,
12 ఆగస్టు 1926.

గురువుగారికి నమస్కారాలతో రాసుకుంటున్నాను.

గెడ్డలు పొంగి టపా ఆలస్యమవుతోంది. నా జ్వరం తగ్గింది. మీరిచ్చిన ఇంగ్లీషు వాచకం తడవకుండా అటక మీద దాచాను.

నాకొక చిక్కు వచ్చిపడింది. ఇక్కడ కొత్తవాడు గడప దాటే ముందు వంశం అడుగుతారు. పులి వంశమో, చేప వంశమో తెలిస్తేనే వరస కలుపుతారు. పిల్లలు ఇంగ్లీషు మాటల్నీ అలాగే అడుగుతున్నారు. టేబిల్ అనే మాట ఎవరింటిది? నైఫ్‌లో పలకని మొదటి అక్షరాన్ని ఎందుకు మోస్తున్నారు? నడకను చెప్పే వాక్ అనే మాట ఒకచోట నామవాచకం, మరోచోట క్రియ అని చెప్పాను. మా బడిలో చదివే ఒక పిల్ల అవ్వ దేముడమ్మ అది విని, "రొండు వంశాల్లో ఒకడే ఎలాగుంటాడు మేష్టారూ? తేలేదాకా మా గుంటని పంపను" అంది. ఆమెను చూసి మరికొందరూ పిల్లల్ని మాన్పించారు. ఇప్పుడు అయిదుగురే వస్తున్నారు.

సర్దిచెబుదామని నిన్న దేముడమ్మ ఇంటికి వెళ్ళాను. అంబలి ముంత అందించబోతూ ఆగి, "మాటల సంగతి సరే, నీది ఏ వంశం బాబూ?" అంది.

తెలియదన్నాను.

"అయితే కనుక్కొని రా. అందాకా అరుగు మీదే కూకో" అని అంబలి అక్కడే పోసింది.

మాటల పుట్టుక మీ పెద్ద నిఘంటువులో చూసి రాయండి. మన అనాథ వసతిగృహం రిజిస్టరులో నా తండ్రి పేరుచోట ఖాళీ ఉంది కదా. నన్ను గుమ్మంలో వదిలినవాళ్ళు ఏ వైపు నుంచి వచ్చారో, ఏమన్నారో, గుర్తుంటే అదీ రాయండి.

ముందు అదే రాయండి.

మీరు పేరు పెట్టినవాడు