ఇంజను సంగతి

కర్నూలు,
3 జనవరి 2009.

ప్రియమైన నాయనకు,

మీమీద ప్రేమ పోలేదు కాబట్టే ఈ కోపమంతా కాగితం మీద పెడుతున్నాను. ఫోనులో అయితే ఏడ్చేస్తాను.

నిన్నటితో నా ఉద్యోగం పోయింది. 2007 డిసెంబరులో మా షోరూములో ఇరవై ఆరు కార్లు అమ్ముడయ్యాయి. ఈసారి ఏడు. నేనూ, నాతోపాటు అమ్మే ప్రదీప్‌కుమారూ, మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ అమ్మితే వాళ్లనే ఉంచుకుంటామని మేనేజరు ముందే చెప్పాడు. ఆ మాట మీకు చెప్పలేదు. మీరు జాలిపడి కొనడం నాకిష్టం లేదు.

డిక్కీ ఉన్న పెద్ద కారు కావాలన్నారు మీరు. మా కారొక్కటే చూపించి ఊరుకోలేదు నేను. తక్కిన రెండు కంపెనీల షోరూములకూ తీసుకుపోయాను. మూడింటినీ నంద్యాల రోడ్డు మీద నడిపాను. ఒకదానికి సీటు మరీ కిందికి ఉంది, దిగేటప్పుడు అమ్మకు మోకాళ్లు పట్టేశాయి. ఇంకొకటి స్పీడుబ్రేకరు దగ్గర అడుగున రాసుకుంది. మాది డీజిలు తక్కువ తాగుతుంది గానీ, నిండా ఎక్కి ఏసీ వేస్తే ఎత్తుల మీద ఆయాసపడుతుంది. వ్యాపారానికి బట్టల మూటలు వేసుకుని ఊళ్లు తిరిగే మీకు ఆ సంగతి తెలియాలని అదీ దాచలేదు. అన్నీ విన్నారు. విని, రెండు నెలల కిందట చేరిన ప్రదీప్‌కుమార్ వైపు తిరిగి, "ఏమప్పా, ఇంజను సంగతి ఆడపిల్లకేం తెలుస్తాది, నువ్వు చెప్పు" అన్నారు.

అతను నేను చెప్పిందే చెప్పాడు. మీరు తల ఊపారు. అమ్మకం అతని పేరుమీదే రాయించి బుక్ చేశారు. నేను మంచినీళ్ల గ్లాసుతో పక్కనే నిలబడి ఉన్నాను. ఆ ఒక్క కారుతోనే అతను నన్ను దాటాడు.

ముక్కూ మొహం తెలియని వాళ్లు నాలుగేళ్లుగా నా మాట నమ్మి కార్లు కొన్నారు నాయనా. మీరు నమ్మలేదు. నేను ఇంటికి రాను.

మీ కూతురు,
యామిని

బద్వేలు,
10 జనవరి.

నా తల్లి యామినికి,

నీ ఉత్తరం మీ నాయన చదివి బీరువాలో పెట్టారు. నేను తీసి చదివాను. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, నోరు తెరవలేదు. నామీద కోపం ఎందుకు రాయలేదు నువ్వు?

ఆ కారు మా అమ్మ నాకిచ్చిన చేను అమ్మి కొంటున్నది. మొన్న ఒక్కదాన్నే బస్సెక్కి కర్నూలు వచ్చి బుకింగు రద్దు చేయించాను. నీ గదికీ వచ్చాను, తాళం వేసి ఉంది. మేనేజరు నన్ను కూర్చోబెట్టి, ఆ కారు అమ్మకం నీ పేరున రాస్తామనీ, నిన్ను మళ్లీ తీసుకుంటామనీ బతిమాలాడు.

"మా యామిని పని బాగా చేసిందా లేదా, అదొక్కటి చెప్పప్పా" అన్నాను.

శానా బాగా చేసిందన్నాడు. అది తెలిసీ తీసేసినవాడి దగ్గర నేను కారు కొననని లేచి వచ్చేశాను. నిన్ను అడగకుండా అన్న మాట అది. నీకా ఉద్యోగమే కావాలనుకుంటే పోయి మాట్లాడుకో, నేను అడ్డం రాను.

ఇంటికొచ్చి మీ నాయనతో, "నా చేను అమ్మి నా కూతురి బతుకు మీద కొట్టినారు" అన్నాను. ఇన్నేళ్లలో ఆయన్ని అంత మాట అనడం అదే మొదలు. ఈ రోజు ఆయన, తన తరఫున కూడా నన్నే నాలుగు ముక్కలు రాయమన్నారు. రాయనన్నాను. కాగితం, పెన్నూ ఆయన ముందే పెట్టాను. పొద్దుననగా ‘చిరంజీవి యామినికి’ అని రాసి ఆగిపోయారు. ఆ తర్వాత ఏం రాయాలో నేను చెప్పను.

మీ అమ్మ,
రాజ్యలక్ష్మమ్మ