పిల్లల మాటలు వినేవారిని చూసుకోవడం నాకు నేర్పించమని

కొత్త ఢిల్లీ,
19-11-2007.

ఉప సంచాలకుల వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సూపర్‌వైజర్ల శిక్షణకు నన్ను పంపుట, కౌన్సిలర్ కుమారి వైశాలికి ఇచ్చిన మెమో రద్దు చేయుట గురించి.

తమరు తెలుగువారు గనుక తెలుగులో విన్నవించుకుంటున్నాను. ఇంగ్లీషులో రెండుసార్లు రాశాను. రెండుసార్లూ "నిబంధనలు అనుమతించవు" అని తిరిగి వచ్చింది.

1. నేను ఇరవై రెండేళ్ళు స్టోర్సు సెక్షనులో దుప్పట్లు, సబ్బులు, పాలపొడి జారీ చేసినవాణ్ణి. కిందటేడు పదోన్నతి మీద బాలికల గృహంలో నలుగురు కౌన్సిలర్లకు పైఅధికారిగా వేశారు. పిల్లలకు జరిగిన అన్యాయాలు వినడం వారి పని. వారిని చూసుకోవడం నా పని. అది ఎలాగో ఎవరూ చెప్పలేదు. అశోకా రోడ్ గెస్ట్‌హౌస్‌లో జరిగే శిక్షణకు, పదవీ విరమణ రెండేళ్ళలోపు ఉన్నవారు అనర్హులట. నాకు పదిహేను నెలలుంది.

2. జులైలో తొమ్మిదేళ్ళ పాప ఒకతె తనకు జరిగినది చెబితే, వైశాలి మూడు గంటలు వింది. ఆ మనిషెవరో మాత్రం పాప చెప్పలేదు. వైశాలి ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, ఇరవై నాలుగేళ్ళది. తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. పాప మాటలు విన్నాక నేరుగా నా గదికి వచ్చి నిలబడింది.

"ఫారం నింపావా అమ్మా?"

"హో గయా సర్."

"ఇంకేమైనా ఉందా?"

"నహీ సర్."

అయినా కదల్లేదు. నా ఎదుటి కుర్చీ పట్టుకుని నిలబడే ఉంది. చూశాను. చూసి, ఫైలు తెరిచాను. కాసేపటికి వెళ్ళిపోయింది.

3. సెప్టెంబరులో అదే పాప ఇంకో మాట చెప్పాలని వెళితే, వైశాలి "తర్వాత చెప్పు బేటా" అంది. పాప పంతొమ్మిది రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆఖరికి వంటమనిషి ఛాయాదేవితో చెప్పింది, ఆదివారాలు తనను చూడ్డానికి వచ్చే బాబాయే ఆ మనిషని. ఈలోగా అతను రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. విజిటర్ల పుస్తకంలో అనుమతి సంతకం నాది. ఇప్పుడు అతని మీద కేసు నడుస్తోంది. పాప మళ్ళీ బడికి వెళుతోంది.

4. పాప మాట వాయిదా వేసినందుకు తమ ఆదేశంపై వైశాలికి మెమో ఇచ్చాను. అందుకుని మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది. "జులైలో ఆ రోజు, ఇంక వినలేను అని చెప్పడానికే వచ్చాను సర్. ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు."

మర్నాడు రాజీనామా ఇచ్చింది. పన్నెండు రోజులుగా అది నా సొరుగులోనే ఉంది. పైకి పంపకపోవడం తప్పని ఎరుగుదును.

కావున సదరు మెమో రద్దు చేసి నా పేర జారీ చేయవలెనని, పదిహేను నెలలకైనా సరే నన్ను శిక్షణకు పంపవలెనని, నా తరవాత వచ్చేవారికి చేరిన వారంలోనే అది ఇప్పించవలెనని ప్రార్థన. ఇంతకు మించి రాసే ఓపిక లేదు, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వి. గోవిందరాజులు,
సూపర్‌వైజరు.

తా.క. సంతకం పెట్టాక వైశాలి వచ్చింది. కూర్చోమన్నాను. ఆ పాప చెప్పినవన్నీ చెప్పింది. గంటన్నర విన్నాను. "రేపు కూడా రావచ్చా సర్?" అంది. రమ్మన్నాను. ఆమె వెళ్ళాక క్యారేజీ విప్పి, మళ్ళీ మూసేశాను. ఇదంతా నేనెవరితో చెప్పుకోవాలో తమరు సెలవివ్వాలి.